గూడు వెతుక్కునే నెత్తురు

బిడ్డ బయటపడ్డాక కూడా బొడ్డుతాడు కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. నీలం కలిసిన తెలుపుతో, మెలికలు తిరిగి, తడిగా మెరుస్తుంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే లోపలి నాడి తెలుస్తుంది. రెండు ధమనులు, ఒక సిర, అవి నలిగిపోకుండా చుట్టూ జిగట పదార్థం. దాని నిర్మాణమంతా ఇంతే. తొమ్మిది నెలల పాటు తిండీ ఊపిరీ ఆ దారిలోనే బిడ్డకు చేరాయి. నాడి ఆగాక తాడు కోస్తారు. బిడ్డకు వెళ్లాల్సింది వెళ్లాక కూడా తాడులోనూ మావిలోనూ కొంత నెత్తురు మిగులుతుంది. జాగ్రత్తగా సేకరిస్తే ఓ చిన్న టీగ్లాసెడు ఉంటుంది. చాలా కాన్పుల్లో అది మావితో పాటే పారవేతకు పోతుంది.

ఆ కాస్త నెత్తురులో, పైకి ఏ ప్రత్యేకతా కనిపించని గుండ్రటి కణాలు కొన్ని ఉంటాయి. కేంద్రకమున్న ప్రతి వంద కణాల్లో ఒక్కటి దొరకడమూ గగనమే. సూక్ష్మదర్శిని కింద పెడితే మామూలు తెల్లకణమేలే అని దాటేస్తాం. కానీ ఒక మనిషికి జీవితాంతం కావలసిన రక్తాన్ని మొదటి నుంచీ తయారు చేయగల సత్తా వాటిలో కొన్నింటికి ఉంది. అవే రక్త మూలకణాలు. పుట్టిన రోజున అవి బొడ్డుతాడులో ఏం చేస్తున్నాయి? నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే సంగతి ఇదే. అవి అక్కడ కాపురానికి రాలేదు. ఒక చోటు వదిలి మరో చోటికి వెళుతూ, దారిలో ఉన్నాయి.

నారుమడి నుంచి పొలానికి

శరీరంలో రక్తం ఒక్కచోటే పుట్టి అక్కడే స్థిరపడదు. తొలి రక్తకణాలు పిండానికి బయట, పచ్చసొన సంచి గోడల్లో పుడతాయి. నాలుగో వారం గడిచే వేళకు పిండం నడుమ సాగే పెద్ద ధమనిలో ఓ విడ్డూరం జరుగుతుంది. అప్పటిదాకా పక్కవాటితో కలిసి గోడగా నిలిచిన ఒక కణం మెల్లగా ఉబ్బుతుంది. వంగుతుంది. ఇరుగుపొరుగు కణాల పట్టు ఒక్కొక్కటే వదిలించుకుంటుంది. చివరికి గోడ నుంచి ఊడి, రక్త మూలకణంగా బయలుదేరుతుంది. గోడే నెత్తురవుతుందన్నమాట! 2010లో జీబ్రా చేప పిండాల్లో ఈ ఘట్టం మొత్తాన్ని, అది జరుగుతుండగానే, శాస్త్రవేత్తలు చిత్రీకరించగలిగారు.

అలా విడివడిన కణాలు పిండం కాలేయానికి చేరతాయి. కాలేయం వాటికి నారుమడి. అక్కడ అవి ఎదుగుతాయి, పెరుగుతున్న పిండానికి రక్తం అందిస్తాయి. అయితే నారు ఎదిగినంత మాత్రాన నాట్లు పడవు, పొలం కూడా సిద్ధం కావాలి. తొలుత మన ఎముకల్లో చాలావరకు మెత్తటి మృదులాస్థి. అందులోకి రక్తనాళాలు చొచ్చుకువచ్చి, లోపల తొలుచుకుంటూ ఖాళీలు చేస్తాయి. ఆ ఖాళీల అంచుల్లో సున్నపు లవణాలు పేరుకుని గట్టి ఎముక ఏర్పడుతుంది. పదకొండో వారం ప్రాంతం నుంచి ఆ ఖాళీల్లో మూలుగ మొదలవుతుంది. అప్పటి నుంచి కాలేయం వదిలి ఎముకల వైపు సాగే వలస నెలల తరబడి నడుస్తుంది. బిడ్డ పుట్టే వేళకూ అది పూర్తి కాదు. పెద్దవాళ్ల రక్తంలో వెతికినా దొరకడం కష్టమైన మూలకణాలు బొడ్డుతాడులో అంత ధారాళంగా ఉండటానికి కారణం ఇదే.

ఈ సంచారం పెద్దయ్యాకా పూర్తిగా ఆగదు. ఎలుకల్లో మూలకణాలు రోజుకొక లయతో మూలుగ వదిలి రక్తంలోకి వస్తాయనీ, ఆ లయను ఎముకలోకి దిగిన నరాలే నడుపుతాయనీ 2008లో తెలిసింది. పగలూ రాత్రీ మారడం ఎముక లోపలికీ తెలుస్తుంది.

చోటు చెప్పే మాట

రక్త మూలకణాలున్నాయని ప్రయోగాలతో చూపించినవారు టొరంటోకు చెందిన జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకలక్. 1961లో వారు, రేడియేషన్‌తో రక్తం ఉత్పత్తి ఆగిపోయిన ఎలుకలకు వేరే ఎలుకల మూలుగ ఎక్కించి, ప్లీహం మీద బుడిపెలు లేవడం గమనించారు. ఒక్కో బుడిపె ఒక్కో కణం సంతానమని వారి తర్వాతి పరిశోధన తేల్చింది. ఆ తర్వాత అందరి చూపూ కణం మీదే నిలిచింది. దాని శక్తి ఎంత, అది ఎన్నిసార్లు విభజన చెందుతుంది, దాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్నవే ప్రశ్నలు.

1978లో మాంచెస్టర్‌లో రే స్కోఫీల్డ్ ఆ చూపును మళ్లించాడు. మూలుగలోని మూలకణాలు ఎంతకాలమైనా తరగకుండా నిలుస్తుంటే, ప్లీహంలో బుడిపెలు కట్టే కణాలకు అంత మన్నిక లేదని ఆయనకు అర్థమైంది. తేడా ఎక్కడుంది? మూలకణానికి మూలుగలో ఒక గూడు ఉంటుందని ఆయన ప్రతిపాదించాడు. ఆ గూట్లో, పక్క కణాలను ఆనుకుని ఉన్నంతసేపే అది మూలకణం. గూడు వదిలిందంటే ఎర్రకణంగానో తెల్లకణంగానో మారే దారి పడుతుంది, తన అక్షయమైన గుణం పోగొట్టుకుంటుంది. అంటే ఆ శక్తి సగం కణానిది, సగం చోటుది. ఈ ఊహకు ఎలుకల్లో గట్టి రుజువులు దొరకడానికి పాతికేళ్లు పట్టింది.

ఆ గూడు ఎంత సజీవమైనదో తెలియాలంటే మళ్లీ జీబ్రా చేపనే అడగాలి. గంగా, బ్రహ్మపుత్రల పరీవాహక ప్రాంతాల మడుగుల్లో, వరి పొలాల్లో తిరిగే ఈ చారల చేప వేలెడంత కూడా ఉండదు. దాని పిండం అద్దంలా పారదర్శకం కాబట్టి లోపల జరిగేదంతా పైనుంచే కనిపిస్తుంది. 2015లో బోస్టన్‌లో లియొనార్డ్ జోన్ బృందం ఆ పిండంలో ఒక మూలకణం ప్రయాణాన్ని కళ్లారా చూసింది. కణం వచ్చి సన్నటి రక్తనాళం గోడను తాకింది. లోపలి అంచు నుంచి దూరి అవతలికి చేరింది. అప్పుడు ఆ నాళపు కణాలు కదిలాయి. కొన్ని కలిసి, వచ్చిన కణం చుట్టూ ముడుచుకుని, దాన్ని తమ మధ్య పొదువుకున్నాయి. అంటే ఆ గూడు అంతకుముందు అక్కడ కట్టి లేదు. అతిథి వచ్చాక అతిథి చుట్టూ అమరింది.

ఎదిగిన చేపలో రక్తం ఎముకల్లో తయారవదు, మూత్రపిండంలో తయారవుతుంది. ఆ మూత్రపిండాన్ని పైనుంచి చూడబోతే నల్లటి వర్ణకణాలు దట్టంగా పరుచుకుని అడ్డం వస్తాయి. అవి అక్కడ ఎందుకున్నాయని ఆరా తీస్తే, 2018లో జవాబు దొరికింది. నీళ్లలోకి దిగే ఎండలోని అతినీలలోహిత కిరణాలు మూలకణాల డీఎన్‌ఏను చెడగొట్టకుండా ఆ వర్ణకణాలు నీడనిస్తున్నాయి. వర్ణకణాలు లేని చేపల్లో ఆ నష్టం ఎక్కువగా కనిపించింది. కప్ప పిల్లల్లోనూ ఇదే ఏర్పాటు. తోకతో ఈదుతున్నంతకాలం రక్తం మూత్రపిండంలో, నల్లటి నీడ కింద ఉంటుంది. కాళ్లు మొలిచి నేల మీదికి వచ్చే వేళకు రక్తం ఎముక లోపలికి వెళుతుంది. నేల మీద ఎండ మరీ తీవ్రం; ఎముక గోడ అన్ని వైపులా చీకటినిస్తుంది. మన నెత్తురు ఎముకలో ఎందుకు తలదాచుకుందన్న ప్రశ్నకు ఇంత పాత, ఇంత అందమైన సూచన ఒక కప్ప పిల్లలో దొరుకుతుందని ఎవరనుకున్నారు!

ఎముక లోపలి చీకట్లో

నల్లి బొక్క విరిచి చూసినవారికి మూలుగ కొవ్వులా మెత్తగా ఉంటుందని తెలుసు. పెద్దయ్యాక కాళ్లూ చేతుల పొడుగాటి ఎముకల్లో ఉండేది ఎక్కువగా ఆ పసుపు మూలుగే. రక్తం తయారయ్యే ఎర్ర మూలుగ వెన్నుపూసల్లో, కటి ఎముకలో, రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో, పుర్రెలో ఉంటుంది. అక్కడ గట్టి ఎముక సన్నని పలకలుగా అల్లుకుని ఉంటే, ఆ సందుల్లోంచి వెడల్పాటి, పలచని గోడల రక్తనాళాల్లో నెత్తురు నెమ్మదిగా పారుతుంటుంది.

ఆ నాళాల పక్కన పని జరిగే తీరు చూడండి. ఒక భక్షక కణం చుట్టూ లేత ఎర్రకణాలు వలయంగా చేరతాయి. పక్వానికి వచ్చిన ఒక్కోటీ తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది, నడుమనున్న భక్షక కణం దాన్ని మింగేస్తుంది. అలా తేలికపడిన ఎర్రకణం ప్రవాహంలోకి వెళ్లిపోతుంది. కొంచెం అవతల, మూలుగలోని కణాలన్నింటిలోకీ పెద్దదైన మెగాకారియోసైట్ నాళపు గోడను ఆనుకుని కూర్చుని, గోడ సందుల్లోంచి పొడవాటి పోగుల్ని లోపలికి చాస్తుంది. రక్తం ఒరవడికి ఆ పోగులు తునిగి ప్లేట్‌లెట్లవుతాయి. ఈ వాక్యం చదివేలోగా మీ ఎముకల్లో కోటికి దగ్గరగా ఎర్రకణాలు పుట్టి ఉంటాయి. సెకనుకు సుమారు 20 లక్షలు, రోజుకు దాదాపు 20 వేల కోట్లు!

ఇంత సందడికీ మూలమైన కణాలు మాత్రం నిద్రలో ఉన్నట్టుంటాయి. పెద్ద మనిషిలో రక్తం బాధ్యత మోసే మూలకణాలు 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉంటాయని 2018లో ఒక పరిశోధన అంచనా కట్టింది. అవి చాలా అరుదుగా విభజన చెందుతాయి. తక్కువ శ్రమ, తక్కువ నష్టం; అందుకే అంతకాలం నిలుస్తాయి. ఆ నిద్రను కాపాడేది గూడే. చుట్టూ పొడవాటి చేతులు చాచిన జాలక కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే ప్రోటీన్‌ను వెదజల్లుతూ మూలకణాన్ని పట్టి ఉంచుతాయి. ఆక్సిజన్ కూడా అక్కడ తక్కువే. గాలిలో 21 శాతం ఉంటే, బతికున్న ఎలుక పుర్రె మూలుగలో 2014లో కొలిచినప్పుడు కొన్ని లోతైన చోట్ల 1.3 శాతం దాకా పడిపోయింది. ఎముక రాతిగుణం కూడా ఓ గుర్తే. ఎముకలోంచి కరిగి వచ్చే కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకం మూలకణం ఒంటి మీద ఉంది. ఆ గ్రాహకం లేని ఎలుకల్లో మూలకణాలు కాలేయంలో బాగానే ఉన్నాయి, మూలుగ దాకా వచ్చాయి, కానీ అక్కడ కుదురుకోలేకపోయాయని 2006లో తేలింది.

పారిస్‌లో, 1988 అక్టోబరులో

బొడ్డుతాడు కణాలు దారి తెలిసిన బాటసారులని లోకానికి తెలిపింది ఒక అయిదేళ్ల అమెరికన్ పిల్లవాడి కథ. వాడికి ఫాంకోని అనీమియా. మూలుగ క్రమంగా ఎండిపోయే పుట్టు జబ్బది. తల్లి మళ్లీ గర్భవతిగా ఉంది. కడుపులో ఉన్న చెల్లెలికి ఆ జబ్బు లేదనీ, అన్నతో కణజాలం సరిపోతుందనీ పరీక్షల్లో తెలిసింది. ఆమె పుట్టగానే బొడ్డుతాడు రక్తం సేకరించారు. ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మయర్ దాన్ని పరీక్షించి గడ్డకట్టించి భద్రపరిచాడు. పారిస్ సెయింట్ లూయీ ఆస్పత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మాన్ ఆ రక్తాన్ని పిల్లవాడికి ఎక్కించింది.

ఎక్కించింది సిరలోకి. అక్కడి నుంచి గుండె, ఊపిరితిత్తులు, మళ్లీ గుండె, ఆ పైన ఒళ్లంతా! ఎముక ఎక్కడుందో ఆ కణాలకు ఎవరూ చెప్పలేదు. ఇలా సిరలో దింపిన మూలకణాలు గంటల్లోనే మూలుగకు చేరడం మొదలుపెడతాయి. అక్కడి నాళాల గోడ మీద దొర్లుతూ నెమ్మదిస్తాయి, సీఎక్స్‌సీఎల్12 జాడ తగలగానే ఆగి, గోడ దాటి లోపలికి దిగుతాయి. చెల్లెలి పుట్టుకతో ఆగిపోయిన ఆ ప్రయాణం అన్న ఎముకల్లో పూర్తయింది. పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాడు. ఇప్పటిదాకా ప్రపంచంలో ఇలాంటి మార్పిడులు 40 వేలకు పైగా జరిగాయి.

చిక్కల్లా పరిమాణంతోనే. ఒక తాడులోని మూలకణాలు పసివాడికి సరిపోతాయి కానీ పెద్దవాళ్లకు చాలవు. కొత్త రక్తం మొదలయ్యేదాకా మూడు నాలుగు వారాలు ఒళ్లు రక్షణ లేకుండా ఉంటుంది. ఆలోగా ఏ ఇన్‌ఫెక్షన్ సోకినా ప్రాణాపాయమే. మరి ప్రయోగశాలలో పెంచితే? గాజు పాత్రలో పోషక ద్రవం పోసి వేస్తే అవి పెరుగుతాయి, గబగబా పెరుగుతాయి. కానీ పెరుగుతూ పెరుగుతూ మామూలు కణాలైపోతాయి. స్కోఫీల్డ్ చెప్పింది అక్షరాలా జరిగింది. కాబట్టి పెంచాల్సింది కణాన్ని ఒక్కదాన్నే కాదు. దాని చోటును కూడా కట్టాలి.

చేత్తో కట్టిన మూలుగ

ఈ పనికి తొలి పునాది 1977లో మాంచెస్టర్‌లోనే మైకేల్ డెక్స్‌టర్ వేశాడు. ఎలుక మూలుగలోని ఆధార కణాలను ముందు పాత్ర అడుగున పొరగా పెరగనిచ్చి, వాటి మీద రక్తకణాలను చల్లాడు. కొన్ని రక్తకణాలు ఆ పొర కిందికి దూరి, పరిచిన గులకరాళ్లలా గుంపులు కట్టి, నెలల తరబడి రక్తాన్నిస్తూ వచ్చాయి. అయితే మూలుగ చదునైన పొర కాదు. దానికి లోతుంది, గోడలున్నాయి, పారే నెత్తురుంది.

ఆ లోతును ఇవ్వాలని బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు జిర్కోనియం ఆక్సైడ్‌తో చేసిన ఒక చిన్న పింగాణీ ముక్క తీసుకున్నారు. దాని నిండా కంటికి ఆనీ ఆనని రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలకు హైడ్రాక్సీఅపటైట్ పూత పూశారు. మన ఎముకలకూ పళ్లకూ గట్టిదనమిచ్చే ఖనిజం అదే. ముందుగా మూలుగ ఆధార కణాలను అందులో కాపురం పెట్టించారు. అవి రంధ్రాల గోడలు పట్టుకుని, తాము అల్లే పోగులతో సందులన్నీ నింపాయి. ఆ తర్వాతే బొడ్డుతాడు రక్తం నుంచి వేరుచేసిన మూలకణాలను లోపలికి దింపి, సూక్ష్మ పంపుతో పోషక ద్రవం పారిస్తూ ఉంచారు. నాలుగు వారాల తర్వాత తీసి చూస్తే, వాటిలో కొన్ని ఇంకా తొలినాటి లక్షణాలతోనే ఉన్నాయి. రకరకాల రక్తకణాలుగా మారే శక్తి వాటికి పోలేదు. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం నుంచి వచ్చిన ఫలితం నాకు మరీ ఇష్టం. అక్కడా ఎముకలాంటి చట్రమే, అక్కడా బొడ్డుతాడు కణాలే. ద్రవం ఆ చట్రంలోంచి అటూ ఇటూ పారుతూ ఉండేలా బయోరియాక్టర్‌లో అమర్చారు. కొన్నాళ్లకు కణాలు వాటంతట అవే రెండు తెగలుగా విడిపోయాయి. ఎర్రకణంగానో తెల్లకణంగానో మారాలని నిశ్చయించుకున్నవి చట్రం వదిలి ద్రవంలోకి తేలాయి. మూలకణ గుణం ఉన్నవి ఎక్కువగా చట్రం లోపలే, ఆధార కణాలను అంటిపెట్టుకుని ఉండిపోయాయి. ఎవరూ ఏరి వేరుచేయలేదు. ఎముకలో ఏం జరుగుతుందో అదే అక్కడ జరిగింది. ఉండాల్సినవి ఉన్నాయి, వెళ్లాల్సినవి ప్రవాహంలో కలిశాయి. మనిషి కట్టిన ఒక చిన్న ముక్కను మూలుగగా ఆ కణాలు ఒప్పుకున్నాయి.

దీనితో ఒరిగేది

ఇలాంటి కట్టడాలు ఎలుకలు చెప్పలేనివి చెబుతాయి. కేన్సర్ మందుల్లో చాలావాటికి మొదట దెబ్బతినేది మూలుగే. ఏ మోతాదు దాకా అది తట్టుకుంటుందో రోగి ఒంటి మీద కాకుండా బయటే తేల్చుకోగలిగితే అంతకన్నా ఏం కావాలి? హార్వర్డ్‌లోని వీస్ సంస్థ చేసిన మూలుగ చిప్ 2020లో ఆ దారి చూపింది. మందులూ రేడియేషనూ మనుషుల్లో చేసే హానినే ఆ చిప్‌లోనూ చూడగలిగారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో మూలకణాల నుంచి మూలుగలాంటి చిన్న ముద్దలనే పెంచి, మామూలు పాత్రల్లో బతకని రోగుల కేన్సర్ కణాలను అందులో బతికించారు. జబ్బు కణానికి కూడా గూడు కావాలి మరి. లుకేమియా కణాలు గూటిని తమకు అనువుగా మార్చుకుని, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. ఆ కబ్జా ఎలా జరుగుతుందో చూడగలిగితే అడ్డుకునే మందూ వెతకవచ్చు.

చికిత్సలోనూ ఫలితం కనిపిస్తోంది. మూలుగలో పక్క కణాలు పంపే నాచ్ అనే సంకేతాన్ని సియాటిల్ పరిశోధకులు పాత్ర అడుగున పూతగా పూసి, బొడ్డుతాడు కణాలను పెంచి, రోగులకు ఎక్కించారు. నికోటినమైడ్ అనే బి3 విటమిన్ రూపంతో పెంచిన బొడ్డుతాడు కణాలకు అమెరికా ఔషధ సంస్థ 2023 ఏప్రిల్‌లో అనుమతినిచ్చింది. మామూలు బొడ్డుతాడు రక్తం ఎక్కించినవారిలో తెల్లకణాలు కోలుకోవడానికి 22 రోజులు పడితే, వీరిలో 12 రోజులు చాలాయి. ఆస్పత్రిలో అద్దాల గదిలో పడుకున్న మనిషికి ఆ పది రోజులు ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. అయినా అసలు మూలుగకు ఏ చట్రమూ ఇంకా సాటి రాలేదు. జీవితాంతం రక్తమివ్వగల మూలకణాలను కావలసినన్ని, గుణం చెడకుండా పెంచడం ఇంకా చేతికందని పనే.

మన కాన్పు గదుల్లో

ఇది ఎక్కడో బెర్లిన్, బాసెల్ ముచ్చట అనుకోవడానికి లేదు. తలసీమియాతో నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. సికిల్ సెల్ జబ్బుతో నొప్పులు భరించే పిల్లలు అల్లూరి జిల్లా ఏజెన్సీలోనూ ఆదిలాబాద్ గూడేల్లోనూ ఉన్నారు. వీరికి శాశ్వతంగా నయం చేయగల దారుల్లో మూలకణాల మార్పిడి ముఖ్యమైనది. ఇంట్లో సరిపోయే దాత లేకపోతే బయట వెతకాలి. ప్రపంచ దాతల జాబితాల్లో మనవాళ్ల సంఖ్య తక్కువ కాబట్టి దొరకడం కష్టం. బొడ్డుతాడు రక్తంలోని రోగనిరోధక కణాలు ఇంకా లేతవి కాబట్టి కణజాలం పూర్తిగా కలవకపోయినా మార్పిడి సాధ్యమవుతుంది. మనలాంటివారికి అదే పెద్ద ఆశ.

బిడ్డ భవిష్యత్తు కోసమంటూ డబ్బు కట్టించుకుని బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు బ్యాంకుల ప్రకటనలు మనం రోజూ చూస్తున్నాం. ఆ బిడ్డకే అది అక్కరకు రావడం చాలా అరుదు. పుట్టు జబ్బయితే ఆ లోపం ఆ కణాల్లోనూ ఉంటుంది. అందుకే అలాంటి దాచివేతను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫారసు చేయడం లేదు. ఎవరికి సరిపోతే వారికి అందేలా అందరి కోసం ఇచ్చే దానంలోనే దాని విలువ ఉంది. చికిత్సకు చాలనంత తక్కువగా వచ్చిన రక్తం కూడా వృథా కాదు, పరిశోధనశాలల్లో మూలుగ కట్టేవారికి అదే ముడిసరుకు. ఒక్క షరతు మాత్రం మరువరాదు. బిడ్డ వాటా బిడ్డకు ముందు చేరాలి. పుట్టాక కనీసం ఒక నిమిషమైనా ఆగి తాడు కోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పైన మిగిలిందే దానం.

రక్తదానానికి ఊరూరా శిబిరాలు పెట్టుకునే నేల మనది. పుట్టినరోజులకూ వర్ధంతులకూ వరుసలో నిలబడి రక్తమిచ్చే యువకులున్న నేల. నొప్పి కూడా లేని ఈ దానాన్ని మాత్రం మనం ఇంకా తెలుసుకోలేదు. మన ప్రభుత్వాస్పత్రుల కాన్పు గదుల్లో తల్లి అనుమతి అడిగే ఒక కాగితం, తాడు నుంచి రక్తం తీయడం తెలిసిన ఒక నర్సు, దాన్ని చల్లగా చేరవేసే ఒక ఏర్పాటు ఉంటే చాలు, పని మొదలవుతుంది. ప్రయోగశాలలో ఓ పింగాణీ ముక్కనే గూడుగా చేసుకోగల ఆ కణాలకు ఏదో ఒక పిల్లవాడి ఎముకల్లో చోటు తప్పక దొరుకుతుంది. వాటిని అక్కడిదాకా చేర్చడం మన బాధ్యత.